పరదేశమున రహదారి పరీక్ష

పరదేశమునకు పోవువారికి పెద్దలు చెప్పు హితవులు అనేకములు. చలికి కంబళులు కొనిపొమ్మందురు. ఆవకాయ జాడీని మరువవద్దందురు. ఆ దేశపు పలుకు మన చెవికి అలవడుటకు ఆరు మాసములు పట్టునందురు. ఇవి యన్నియు నిజములే. కాని అచ్చటి రహదారిని గూర్చి మాకు ముందుగా చెప్పినవారు ఒక్కరును లేరు. పలుకులో తప్పు దొరలినచో వినువారు చిరునవ్వు నవ్వి సరిదిద్దుదురు. రహదారి మీద దొరలిన తప్పును సరిదిద్దుటకు ఎవ్వరికిని తీరిక యుండదు. ఈ సంచిక సంపాదకులు ఇంగ్లండును గూర్చి ఏదైన వ్రాయుడని కోరినారు. మన విద్యార్థులు లండను గోపురములను గూర్చియో, రాజప్రాసాదమును గూర్చియో చదువగోరుదురని మేమెరుగుదుము. అయినను, అచ్చట మేము మిక్కిలి శ్రద్ధతో నేర్చుకొన్న విషయము మోటారు కారు నడుపుటకు లైసెన్సు సంపాదించుట గనుక దానినే వ్రాయుచున్నాము.

మేమున్న పట్టణము స్విండను. అది లండనునకు పడమరగా నున్నది. 19వ శతాబ్దమున గ్రేటు వెస్టరను రైల్వే కర్మాగారము వలన పెరిగిన యూరు. ఆ కర్మాగారము 1986లో మూతబడినది. మా గృహిణి నర్సు. ఆమెకు అచ్చటి వైద్యశాలలో ఉద్యోగము దొరికినందున 2023లో మేమును వెంట వెళ్లితిమి. ఆమె పగటి పని ఉదయము 7:30 గంటలకు మొదలు. ఆదివారములందు ఆ వేళకు మా వీధినుండి బస్సు లేదు. శీతకాలమున ఉదయము 8 గంటలవరకు చీకటియే. ఆ చీకటిలో, సన్నని వానలో మూడు మైళ్లు నడచి, పండ్రెండు గంటలు రోగులయొద్ద నిలువబడి, మరల మూడు మైళ్లు నడచి వచ్చుట ఆరోగ్యవంతులకైనను కష్టమే. టాక్సీ పిలిచిన దినమున ఆమె జీతములో ఒక గంట టాక్సీవానిదే యగుచుండెను. ఇంటిలో కారు నడుపగల వారొకరుండుట ఆ దేశమున భోగము కాదు, బియ్యము వంటి అవసరము. మేము ఇరువది యేండ్లు స్కూటరు నడిపినవారమే కాని కారు స్టీరింగు ఎన్నడును పట్టినవారము కాము.

భారతదేశమున కారు లైసెన్సు గలవారు బ్రిటనులో కాపురమున్న నాటినుండి 12 మాసములవరకు ఆ లైసెన్సుతోనే చిన్న బండ్లు నడుపవచ్చును. ఆ గడువు దాటిన మరునాడు ఆ లైసెన్సు ఆ దేశమున చెల్లదు. కొన్ని దేశములవారు తమ లైసెన్సును ఇచ్చి బ్రిటను లైసెన్సును మార్చుకొనవచ్చును గాని మనవారికి ఆ సదుపాయము లేదు. వారు మొదటినుండి అభ్యాసకుని లైసెన్సు తీసికొని, వ్రాతపరీక్ష వంటి దొకటియు, రహదారి మీద పరీక్ష యొకటియు ఇయ్యవలెను. ముప్పది యేండ్లు నడిపినవాడైనను, నిన్న మొన్న పదునేడేండ్లు నిండిన బాలుడైనను ఒకే వరుసలో నిలువవలెను. పాఠశాలలో చేరుటకు వయస్సు మీరినవాడు లేడను మాట మేము పిల్లలకు చెప్పుచుండెడివారము. అది మాకే వర్తించునని అపుడు తలంచలేదు.

ఈ పరీక్ష పుట్టుక కొంత విచిత్రమైనది. బ్రిటనులో 1903 నాటి మోటారు కారు చట్టము వలన 1904 జనవరి 1వ తేదీనుండి నడుపువారికి లైసెన్సు తప్పనిసరి యయ్యెను. కాని పరీక్ష యేమియు లేదు. 5 షిల్లింగులు కట్టి అడిగినవారి కెల్ల ఇచ్చుచుండిరి. బండ్లు పెరిగినవి, చావులును పెరిగినవి. 1934లో ఆ దేశపు రహదారులమీద 7,000 మందికి పైగా మరణించిరి. వారిలో సుమారు సగము మంది కాలినడకన పోవువారు. అప్పటికి గాని ప్రభుత్వమునకు మెలకువ రాలేదు. 1935 జూన్ 1వ తేదీనుండి పరీక్ష తప్పనిసరి యయ్యెను. మొదటి దినములలో పరీక్షా కేంద్రములు లేనందున పరీక్షాధికారి రైలు స్టేషనువద్దనో, ఉద్యానవనమువద్దనో నిలిచి అభ్యర్థులను కలిసికొనుచుండెనట. 1939లో యుద్ధము వచ్చినందున పరీక్షలు నిలిచి, 1946లో మరల మొదలైనవి. పరీక్ష లేని ముప్పది యేండ్లును ఎవ్వరి ప్రాణములతో గడచినవో ఆలోచించినచో, పరీక్షను విసుగుకొనువారి నోరు కొంత మూతపడును.

ఇక మా సహాధ్యాయిని గూర్చి చెప్పవలెను. ఆయన కోనసీమవాడు. 18 సంవత్సరములు చెన్నై కలకత్తా రహదారిమీద లారీ నడిపిన వాడు. భార్య వృద్ధుల ఆశ్రమములో పనికి కుదిరినందున 2024 జనవరిలో ఇద్దరు బిడ్డలతో స్విండను చేరెను. ఆదివారపు ఆరాధనలో తెలుగు పాట వినబడగానే మా ప్రక్కకు వచ్చి కూర్చుండి, తరువాత మా యింటివాడైపోయెను. మనదేశపు లైసెన్సుతో ఒక కిరాణా వర్తకుని వ్యాను నడుపుచు సంసారము నీడ్చుచుండెను. ఏడాది గడువు తీరునంతలో పరీక్ష నెగ్గనిచో ఆ వ్యాను తాళములు తిరిగి ఇయ్యవలసినదే. ఆయనకు చేతిలో విద్య యున్నది, ఇంగ్లీషు లేదు. మాకు ఇంగ్లీషు ఉన్నది, చేతిలో విద్య లేదు. ఇట్లు ఒకరి కొకరు గురువులమైతిమి.

కాని ఆయన మాకు కారులో ప్రక్కన కూర్చుండి నేర్పుటకు చట్టము ఒప్పుకొనదు. అభ్యాసకుని ప్రక్కన కూర్చుండువాడు 21 ఏండ్లు నిండినవాడై, బ్రిటను లైసెన్సో, ఆ చట్టము అంగీకరించిన మరి కొన్ని దేశముల లైసెన్సో మూడేండ్లుగా కలిగినవాడై యుండవలెను. పదునెనిమిదేండ్ల లారీ అనుభవము ఈ లెక్కలోనికి రాదు. అందుచేత మా మొదటి పాఠములు వంటగదిలో జరిగినవి. బల్ల క్రింద మూడు చెప్పులు వరుసగా పెట్టి, ఎడమది క్లచ్చి, నడుమది బ్రేకు, కుడిది యాక్సిలరేటరు అనెను. అన్నపు పళ్లెము స్టీరింగు. గరిటె గేరు. "క్లచ్చి వదలడమంటే నిద్రపోయే పిల్లమీంచి దుప్పటి తీసినట్టుండాలండి, మాస్టారూ. పిల్ల లేవకూడదు," అని చెప్పెను. మేము శిక్షణ కళాశాలలో పాఠప్రణాళికలు వ్రాయుటకు రెండు సంవత్సరములు నేర్చినవారము. ఇంతకంటె చక్కని ఉపమానముతో కూడిన పాఠమును అచ్చట వినలేదు. తరువాత అసలు కారులో మేము క్లచ్చిని వదలునపుడెల్ల ఆ పిల్లయే జ్ఞప్తికి వచ్చుచుండెను.

ప్రతిగా మేము చెప్పిన పాఠము హైవే కోడు. అది రహదారి నియమముల పుస్తకము. మొదట 1931లో అచ్చయినది. అభ్యాసకుని లైసెన్సుకు మేము 34 పౌనులు కట్టితిమి. అది వేల్సులోని స్వాన్సీ పట్టణమునుండి తపాలాలో వచ్చెను. తరువాత 23 పౌనులు కట్టి సిద్ధాంత పరీక్షకు కూర్చుండవలెను. 57 నిమిషములలో 50 ప్రశ్నలు. 43 సరిగా చెప్పిననే గెలుపు. పూర్వము ఈ పరీక్షను పరభాషల ధ్వనులతో వినుటకు వీలుండెడిది. 2014 ఏప్రిల్ నుండి ఆ సౌకర్యమును తీసివేసిరి. ఇంగ్లీషు లేక వెల్షు భాషలలోనే ఇయ్యవలెను. ఇది మన తమ్ముని వంటివారికి గోడవలె అడ్డు నిలుచును. న్యాయమా యని మేము పలుమారు తలపోసితిమి. రహదారి పలకలు ఇంగ్లీషులో నున్నపుడు వాటిని చదువగలుగుట అవసరమే. కాని పలక చదువుటకు వలయు ఇంగ్లీషు వేరు, మెలికల ప్రశ్న విప్పుటకు వలయు ఇంగ్లీషు వేరు. ఈ రెంటిని ఒకటిగా నెంచుట మాకు సరిగా తోచలేదు.

సోమ బుధ శుక్ర వారముల సాయంకాలములు పాఠము. మొదట పదములను కాక దూరములను పట్టుకొంటిమి, ఎందుకనగా అంకెలకు భాష అక్కరలేదు. గంటకు 30 మైళ్ల వేగమున పోవు కారు ఆగుటకు 23 మీటర్లు కావలెను. అందులో 9 మీటర్లు ఆలోచనా దూరము, అనగా అపాయమును కన్ను చూచి కాలు బ్రేకును తాకునంతలో బండి పోవు దూరము. తక్కిన 14 మీటర్లు బ్రేకు దూరము. వేగము 60 మైళ్లయినచో ఆలోచనా దూరము రెట్టింపై 18 మీటర్లగును. బ్రేకు దూరము మాత్రము రెట్టింపు కాదు, ఇంచుమించు నాలుగింతలై 55 మీటర్లగును. మొత్తము 73. వేగము రెండింతలైన ఆపవలసిన శక్తి నాలుగింతలగునని మన పదవ తరగతి పిల్లలకు నల్లబల్లమీద వ్రాసి చూపెడివారము. తమ్ముడు ఆ లెక్కను చూచి చాలసేపు మాటలాడలేదు. తుదకు, "తుని దగ్గర ఒకసారి ఆగలేకపోయానండి. ఎందుకాగలేదో ఇన్నాళ్లకి తెలిసింది," అనెను. ఏమి జరిగెనని మేమడుగలేదు, ఆయనయు చెప్పలేదు. ఆ రాత్రి పాఠము అంతటితో ముగిసినది.

సిద్ధాంత పరీక్షలో రెండవ భాగము చలనచిత్రములతో నుండును. 2002లో చేర్చిన భాగమిది. 14 చిత్రములు చూపుదురు. వాటిలో 15 అపాయములు పుట్టుచుండును. అపాయము పుట్టుచున్నదని తోచిన క్షణమున మీట నొక్కవలెను. త్వరగా గుర్తించినవానికి 5 మార్కులు, ఆలస్యమైన కొలది తక్కువ. 75కు 44 రావలెను. ఈ భాగము సులభమని మేమనుకొంటిమి. తమ్ముడు పదునెనిమిదేండ్లు అపాయముల నడుమ బ్రతికినవాడు గదా! కాని అభ్యాస చిత్రములు పెట్టగా ఆయన మీటను విడువక నొక్కుచుండెను. ప్రహరీ ప్రక్కన కుక్క, నొక్కు. నిలిచిన బస్సు, నొక్కు. చెట్టుక్రింద ముసలివాడు, నొక్కు. అతిగా నొక్కినవానికి ఆ చిత్రమునకు సున్న వేయు పద్ధతి యున్నందున సున్నలే వచ్చినవి. "మన రోడ్డుమీద ఇవన్నీ అపాయాలేనండి, మాస్టారూ. గేదె కనిపిస్తే అది అడ్డం వస్తుందనే లెక్క," అనెను. ఆయన మాట నిజమే. అచ్చటివారు కోరునది, ఉన్న అపాయములలో కదలుచున్న దానిని ఏరుట. నిలిచియున్న బస్సు అపాయము కాదు. దాని క్రిందనుండి కనబడిన రెండు పాదములు అపాయము. ఈ భేదమును గ్రహించిన తరువాత ఆయనకు తిరుగు లేకపోయెను. ఇద్దరమును ఆ వేసవిలోనే సిద్ధాంత పరీక్ష నెగ్గితిమి. తమ్మునికి చిత్రములలో మాకంటె 11 మార్కులు ఎక్కువ వచ్చినవి.

ఇక రహదారి భాషకు వత్తుము. భాషయని మేమనుట అలంకారము కాదు. మనదేశమందు హారను ఒక అవ్యయము వంటిది. ప్రతి వాక్యమునందును దొరలును. "నేను వచ్చుచున్నాను", "నీవు పొమ్ము", "నమస్కారము" అను నర్థములన్నియు దానికే. అచ్చట హారను మ్రోగించుట కోపమునకు గుర్తు. ఊరిలోపల రాత్రి 11:30 మొదలు ఉదయము 7 గంటలవరకు మ్రోగింపనే కూడదు. ముందు దీపములను తళుక్కున వెలిగించి ఆర్పుట మరియు చిక్కైనది. మన లారీవాడు దీపము తళుక్కుమనిపించినచో "నేను ఆగను, నీవు ఆగుము" అని యర్థము. ఇంగ్లండు జనుల వాడుకలో అదే తళుకు "నేను ఆగితిని, మీరు దయచేయుడు" అనుట. హైవే కోడు మాత్రము ఈ రెండర్థములను ఒప్పుకొనక, ఎదుటివారికి మనమున్నామని తెలుపుటకే దీపము వాడవలెనని చెప్పుచున్నది. ఒకే పదమునకు రెండు దేశములలో ఎదురెదురు అర్థములుండుట భాషా పండితులకు వినోదము; చీకటి కూడలిలో ప్రాణాపాయము.

స్విండనులో ఈ భాషకు పెద్ద పరీక్ష వంటి కూడలి యొకటి యున్నది. దానిని మాయా చక్రమని పిలుచుదురు. 1972లో ఫ్రాంకు బ్లాక్‌మోరు అను ఇంజినీరు ఊహనుండి పుట్టినది. ఐదు చిన్న చక్రములు ఒక పెద్ద వలయముగా నమర్చబడి, నడుమ నొక చక్రమున్నది. చిన్న చక్రముల చుట్టు బండ్లు గడియారపు ముల్లువలె కుడివైపునకు తిరుగును. నడిమి దాని చుట్టు మాత్రము ఎదురుగా తిరుగును. మొదటిసారి మా శిక్షకురాలు అచ్చటికి తీసికొనిపోయినపుడు, మేము ఏసు నామమును మనస్సులో స్మరించుచు స్టీరింగును గట్టిగా పట్టుకొంటిమి. ఆమె మాత్రము, మొత్తమును చూడకుడు, కుడిప్రక్కనుండి వచ్చు ఒక్క బండిని చూడుడు, అది పోగానే తరువాతి చక్రమునకు పొండు అనెను. 1966నుండి బ్రిటనులో చక్రమున ప్రవేశించువారు కుడివైపు బండికి దారి ఇయ్యవలెనను నియమ మున్నది. ఆ ఒక్క నియమము ఐదుసార్లు చెప్పుకొన్నచో ఆవలి గట్టు చేరుదుము. చూచుటకు పద్మవ్యూహము, నడుపుటకు ఎక్కముల పుస్తకము.

ఆ శిక్షకురాలికి ముప్పది యేండ్లు నిండలేదు. కారు అద్దముమీద ఆకుపచ్చని గుర్తు గల అధికార శిక్షకురాలు. ఆమె కాళ్లవద్ద వేరే బ్రేకు, క్లచ్చి యున్నవి. గంటకు 35 పౌనులు. మా విద్యార్థులవంటి వయస్సుగలవారి యెదుట శిష్యునిగా కూర్చుండుట మాకు కొత్త, కాని చెడ్డది కాదు. ఆమె ఎన్నడును కంఠమెత్తలేదు. ప్రతి పనికి ముందు అద్దము చూడుడు, తరువాత సంజ్ఞ ఇండు, తరువాత కదలుడు. ఇదియే ఆమె గాయత్రి. కనబడు ప్రతి దానిని బిగ్గరగా చెప్పుచు నడుపుమని మాకు నేర్పెను. బంతి దొర్లినది, వెనుక బిడ్డ రావచ్చును. చెత్తడబ్బాల బండి, వెనుకనుండి మనుష్యుడు రావచ్చును. ఇరువది యేండ్లు తరగతిలో మాటలాడిన మాకు ఇది కష్టము కాలేదు.

తమ్ముని రహదారి పరీక్ష 2024 నవంబరులో. తేదీ దొరకుటకే మాసములు పట్టెను; ఇటీవలి సంవత్సరములలో అచ్చట ఈ పరీక్షకు వేచియుండువారు మిక్కిలి యెక్కువ. రుసుము వారపు దినములలో 62 పౌనులు. మొదట 20 మీటర్ల దూరమునుండి ఒక కారు నంబరు పలక చదివింతురు. తరువాత సుమారు 40 నిమిషములు నడిపింతురు. అందులో కొంతసేపు దారి చూపు యంత్రమును గాని పలకలను గాని అనుసరించి తానే పోవలెను. చిన్న తప్పులు 15 వరకు క్షమింతురు. పెద్ద తప్పు ఒక్కటి దొరలినను పరీక్ష పోయినట్లే. పరీక్షకు పోయినవారిలో సగముకంటె ఎక్కువమంది తప్పుచుందురు.

ఆ దినమున ఆయన చెప్పినది చెప్పినట్లు వ్రాయుచున్నాము. ముప్పది నిమిషములు నిర్మలముగా గడచినవి. ఒక చిన్న వీధిలోనికి ఎడమకు తిరుగవలసి వచ్చెను. మూలమీద ఒక స్త్రీ బిడ్డబండితో నిలిచియుండెను. ఆయన బండి ఆపెను. అది సరియైన పనియే; 2022 జనవరిలో మార్చిన నియమము ప్రకారము, తిరుగబోవు వీధిని దాటుటకు వేచియున్న పాదచారికి బండివాడు దారి ఇయ్యవలెను. ఆమె సందేహించుచు నిలిచెను. అప్పుడాయన కిటికీనుండి చేయి చాపి, మన యూళ్లలో వలె "రా అమ్మా" యని పిలిచెను. ఆమె అడుగు వేసెను. ఆ వీధిలోనుండి మరియొక కారు వచ్చుచుండెను. అది ఆగినది, ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. కాని పరీక్షాధికారి పలకమీద పెద్ద తప్పు పడెను. పాదచారులను చేయి ఊపి పిలువరాదని హైవే కోడులో స్పష్టముగా నున్నది. పిలిచినవాడు తన బండినే ఆపగలడు గాని, ఎదుటి బండిని ఆపలేడు గదా.

ఆ సాయంకాలము ఆయన మా వంటగదిలో కూర్చుండి టీ చల్లారువరకు త్రాగలేదు. "క్లచ్చి తప్పితే ఒప్పుకుంటానండి. గేరు తప్పితే ఒప్పుకుంటాను. పిల్లతల్లిని దాటమన్నందుకు ఫెయిలా, మాస్టారూ?" అనెను. మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. తన యెడమ చెంపను చూపుమన్నవారి మతము మనది. మేలు చేయబోయి శిక్ష పొందినవానికి పుస్తకములోని నియమసంఖ్యను చూపి ఓదార్చుట ఎట్లు? కొంతసేపైన తరువాత ఆయనతో, "తమ్ముడూ, నీవు ఆగుటలోనే నీ మేలు పూర్తియైనది. ఎప్పుడు దాటవలెనో ఆమె కన్నులు ఆమెకు చెప్పవలెను. నీవు చేయి ఊపినపుడు ఆమె తన కన్నులను మాని నీ చేతిని నమ్మినది," అంటిమి. ఆయన తల యూపెను గాని ఒప్పుకొనినట్లు కనబడలేదు. మేము చెప్పినది సరియేయని నేటికిని మా నమ్మకము. అయినను, మన రహదారులమీద ఆ చేతి యూపు వలన ఎందరు ముసలమ్మలు దాటుచున్నారో ఎరిగిన మనస్సు ఆ నియమమును పూర్తిగా ప్రేమింపలేదు.

మరల పరీక్షకు కనీసము 10 పనిదినములు ఆగవలెనని చట్టము. దొరికిన తేదీ మాత్రము ఏప్రిల్ నెలలో. జనవరిలో ఏడాది గడువు తీరినది. వర్తకుడు మంచివాడే, కాని చట్టమునకు ఎదురు పోలేడు. వ్యాను తాళములు మరియొకరికి ఇచ్చెను. నిన్నటివరకు ఒంటరిగా బండి నడిపినవాడు ఈనాడు తెల్లని పలకమీద ఎర్రని ఎల్ అక్షరము తగిలించుకొని, ప్రక్కన ఒకరిని కూర్చుండబెట్టుకొన్న గాని నడుపరాదు. మూడు మాసములు ఆయన ఒక గిడ్డంగిలో రాత్రివేళ పెట్టెలు మోసెను. పని తీరిన తెల్లవారుజామున సైకిలుమీద వచ్చుచుండగా, మా గృహిణి పనికి నడచిపోవుచు ఎదురగుచుండెను. "అక్కా, ఇంకా నడకేనా?" అని ఆయన, "తమ్ముడూ, ఇంకా సైకిలేనా?" అని ఈమె. ఆ మూడు మాసములును సోమ బుధ శుక్ర వారముల పాఠము ఒక్కనాడును తప్పలేదు.

ఏప్రిల్‌లో ఆయన నెగ్గెను. చిన్న తప్పులు రెండే. చేతులను స్టీరింగునకు కట్టివేసినట్లు పట్టుకొని నడిపితినని నవ్వుచు చెప్పెను. మేలో మా పరీక్ష. ఆనాడు మాయా చక్రమున తక్కువ రద్దీ, పరీక్షాధికారి మృదుభాషి, వెనుకకు నడిపి నిలుపు పని తేలికది. మొదటిసారియే లైసెన్సు చేతికందినది. ఆ వచ్చిన ఆదివారము ఉదయము 6:50 గంటలకు మా గృహిణి కారులో కూర్చుండి, పట్టీ బిగించుకొని, దారి పొడుగునను ఏమియు మాటలాడక, వైద్యశాల ద్వారమువద్ద దిగునపుడు మాత్రము, "బూట్లు తడవలేదు," అనెను.

కొత్త లైసెన్సు పొందినవారికి మరియొక చట్టమున్నది. మొదటి రెండు సంవత్సరములలో తప్పులకు వేయు గుర్తులు ఆరు చేరినచో లైసెన్సు రద్దగును. మరల అభ్యాసకుని పలకయే. అందుచేత 2027 మే వరకు మేము 30 మైళ్ల వీధిలో 30కి మించక పోవలసినదే. వెనుకనున్నవారు ఎంత దగ్గరగా వచ్చినను మాకేమియు తొందర లేదు.

తమ్మునికి వ్యాను మరల దొరికినది గాని మనస్సు లారీమీదనే యున్నది. లారీ లైసెన్సునకు వైద్యుని ధ్రువపత్రము కావలెను. సిద్ధాంత పరీక్షలో 100 ప్రశ్నలు, అందులో 85 నెగ్గవలెను. చలనచిత్రములు 19, నూటికి 67. మొన్న ఆదివారము ఆరాధన ముగియగానే ఆయన చంకలో లావైన పుస్తకమొకటి పెట్టుకొని మాయొద్దకు వచ్చెను. "మాస్టారూ, ఇందులో బొమ్మలు తక్కువ, ఇంగ్లీషు ఎక్కువండి. సోమవారం నుంచి మొదలెడదామా?" అని అడిగెను. మొదటి అధ్యాయము ఇరుసుల బరువును గూర్చినది. ఆ విషయమున గురువు ఆయనయే కావలెను. మాకు తెలిసినది బొత్తిగా లేదు.